డీఫిబ్రిలేటరు యంత్రములును వాని గ్రాంటులును

2023వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఇంగ్లండు దేశపు ఆరోగ్యశాఖవారు పది లక్షల పౌనుల నిధి నొకదానిని తెరచి, ఊరి సంఘములు, ధర్మసంస్థలు, ఆటల క్లబ్బులు మొదలగునవి దానికై దరఖాస్తు పెట్టుకొనవచ్చునని ప్రకటించిరి. ఆ ధనముతో భవనములు కట్టరాదు, పుస్తకములు కొనరాదు, విందులు చేయరాదు. దానివలన లభించు వస్తువు ఒక్కటియే. అది చంకన పెట్టుకొని పరుగెత్తదగిన చిన్న పెట్టె. దాని పేరు డీఫిబ్రిలేటరు. ఇట్టివి సుమారు వేయి పెట్టెలు క్రొత్తగా జనులమధ్య నెలకొనునని వారి యంచనా. 2024 ఫిబ్రవరిలో మరి యైదు లక్షల పౌనులు దానికి చేర్చబడెను. ఆ నిధి యిప్పుడు ముగిసినది. అయినను దానివలన లేచిన ప్రశ్నలు ముగియలేదు. వైద్యశాలలో నుండవలసిన యంత్రమును ఊరి సమావేశ మందిరమునకును, ఫుట్‌బాలు క్లబ్బునకును ఏల ఇయ్యవలెను? ఇచ్చినమీదట దానిని ఎవరు చూచుకొందురు? గ్రాంటు అను మాటను మన పాఠశాలలో ఎరుగనివారు లేరు గనుక ఈ సంచికయందు ఈ విషయమును పాఠముగ వ్రాయుచున్నాము. పై తరగతుల పిల్లలు హృదయమునుగూర్చి కొంత చదివియే యున్నారు. చిన్నవారికి తలిదండ్రులు చదివి వినిపించెదరు గాక.

మన గుండె పిడికిలంతటి కండరపు సంచి. అది నిమిషమునకు సుమారు 70 మారులు, దినమునకు దాదాపు ఒక లక్ష మారులు ముడుచుకొని విప్పారుచు రక్తమును దేహమంతటికిని నెట్టుచుండును. ముడుచుకొనుమని ఆజ్ఞ ఇచ్చునది గుండెయొక్క కుడి పై గదిలో నున్న ఒక చిన్న కణసముదాయము. దానియందు పుట్టిన స్వల్పమైన విద్యుత్తు క్రమముగ క్రింది గదులకు ప్రాకును. అది ప్రాకిన వరుసనే కండరము ముడుచుకొనును. డ్రిల్లు మాస్టరుగారు ఈల వేయగానే వరుసలన్నియు ఒక్కమారే అడుగు వేయుట మీరు ప్రతి దినమును చూచుచున్నారు గదా. ఈల వినబడక ప్రతి బాలుడును తనకు తోచినట్లు అడుగు వేసినయెడల మైదానమంతయు కదలుచునే యుండును గాని వరుస ముందుకు సాగదు. గుండె క్రింది గదులలో ఇట్టి గందరగోళము పుట్టుటనే వైద్యులు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అందురు. కండరపు పోగులన్నియు వేర్వేరుగ వణకుచుండును. రక్తము మాత్రము బయలుదేరదు. అట్టివాడు కొన్ని క్షణములలో తెలివి తప్పి పడిపోవును. ఊపిరి నిలిచిపోవును, లేక ఉండియుండి ఎగఊపిరి మాత్రము వచ్చును. నాలుగైదు నిమిషములు గడచిన పిమ్మట మెదడు చెడిపోవ నారంభించును.

ఇచ్చట రెండు సంగతులను వేరుచేసి చెప్పవలసియున్నది, ఏలయనగా వార్తాపత్రికలు సైతము వీనిని కలిపివేయుచున్నవి. గుండెపోటు వేరు, గుండె నిలిచిపోవుట వేరు. గుండెకు రక్తము తెచ్చు నాళము మూసుకొనిపోయి ఆ కండరములో కొంతభాగము చెడుట గుండెపోటు. అది వచ్చినవానికి తెలివి యుండవచ్చును. అతడు మాటలాడవచ్చును, నడువవచ్చును కూడ. అతనికి వెంటనే కావలసినది వైద్యశాల. గుండె నిలిచిపోవుట యనగా రక్తప్రసారమే ఆగిపోవుట. గుండెపోటు దీనికి దారితీయవచ్చును. కరెంటు తగులుటయు, పుట్టుకతో వచ్చిన దోషమును దీనికి దారితీయవచ్చును. మన పెట్టె పనికివచ్చునది ఈ రెండవదానికే.

మా తరగతిలో ఒక బాలుడు, తెరమీది గీత సాపుగ మారగానే సినిమాలలో వైద్యుడు కరెంటు పెట్టి రోగిని లేపును గదా యని యడిగెను. మంచి ప్రశ్న. సినిమావారు చూపునది తప్పు. గీత సాపుగ నున్న గుండెలో విద్యుత్తు చలనమే లేదు. అట్టి గుండెకు ఈ దెబ్బవలన ప్రయోజనము లేదు. గందరగోళముగ వణకుచున్న గుండెకే ఇది పనిచేయును. యంత్రము ఆ గుండెను ఒక్క క్షణము పూర్తిగా ఆపును. అప్పుడు మైదానము నిశ్శబ్దమగును. ఈల మరల వినబడును. వరుస తనంతట తాను సాగును. అన్ని వేళల సాగునని చెప్పజాలము. ఎంత త్వరగా ఆపినయెడల అంత ఆశ.

ఈ జ్ఞానము ఒక్కనాటిలో వచ్చినది కాదు. 1889లో స్కాట్లండులోని ఆబర్డీను విశ్వవిద్యాలయపు ఆచార్యుడగు జాన్ మెక్‌విలియం, మనుష్యులు ఉన్నట్లుండి చనిపోవుటకు ఈ వణకే కారణము కావచ్చునని వ్రాసెను. ఆ కాలమున దానిని పట్టించుకొన్నవారు కొద్దిమందియే. 1899లో జెనీవా పట్టణమున ప్రెవోస్టు, బాటెల్లి అను ఇరువురు కుక్కల గుండెలను పరీక్షించి, కొద్దిపాటి విద్యుత్తు ఈ వణకును పుట్టించుననియు, బలమైన విద్యుత్తు దానినే మాన్పుననియు కనుగొనిరి. 1947లో అమెరికాలోని క్లీవ్‌లండు పట్టణమున క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు 14 ఏండ్ల బాలునికి రొమ్ము శస్త్రచికిత్స చేయుచుండగా వాని గుండె నిలిచిపోయెను. బెక్ గారు ఆ బాలుని గుండెను చేతితో పిసుకుచుండి, తుదకు దానికే విద్యుత్తు తగిలించి వానిని బ్రతికించెను. 1956లో బోస్టను పట్టణమున పాల్ జోల్ గారు రొమ్మును కోయకయే పైనుండి విద్యుత్తు నిచ్చి ఆ పనినే సాధించెను. 1960లో బాల్టిమోరునందు కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు, రొమ్ముపై చేతులతో అదుముచున్నంతసేపు కొంత రక్తము మెదడునకు చేరుచుండునని ప్రకటించిరి. ఈ అదుముటనే నేడు సీపీఆర్ అని పిలుచుచున్నారు.

వీరందరికంటె మన విషయమునకు దగ్గరివాడు ఫ్రాంక్ పాంట్రిడ్జి. ఆయన ఐర్లండు ఉత్తరభాగమున బెల్‌ఫాస్టు పట్టణపు రాయల్ విక్టోరియా వైద్యశాలలో హృదయవైద్యుడు. గుండెజబ్బుతో చనిపోవువారిలో పెక్కుమంది వైద్యశాల గుమ్మము త్రొక్కకమునుపే చనిపోవుచున్నారని ఆయన గమనించెను. రోగిని యంత్రముకడకు తెచ్చుటకు మారుగ యంత్రమునే రోగికడకు పంపవలెనని నిశ్చయించి, 1965లో మోటారుకారు బ్యాటరీలతో పనిచేయు యంత్రమును తయారుచేయించెను. దాని బరువు సుమారు 70 కిలోలు. ఇరువురు బలవంతులు మోయవలసినది. 1966 ఆరంభమున అది అంబులెన్సులో నెక్కి బెల్‌ఫాస్టు వీథులలో తిరిగెను. రెండేండ్లలోనే దాని బరువు మూడు కిలోలకు కొంచెము హెచ్చుగ తగ్గింపబడెను. తరువాతివారు దానికి లెక్కవేయు యంత్రమును కూర్చి, గుండె గీతను చదువు పనినికూడ దానికే అప్పగించిరి. నేడు గోడలమీద కనబడు పెట్టె యిదియే. దానిని తెరచి మీట నొక్కగానే మాటలాడును. రెండు అంటుపట్టీలలో ఒకదానిని కుడి కంటె ఎముక క్రిందను, మరియొకదానిని ఎడమ చంక క్రింద ప్రక్కటెముకలమీదను అంటింపుమని చెప్పును. పిమ్మట గుండె గీతను తానే చదివి, దెబ్బ అవసరమైన యెడలనే మీటకు శక్తి నిచ్చును. ఆరోగ్యముగ నున్నవానికి పొరపాటున తగిలించినను, తెలివిలేక పడియున్నను గుండె క్రమముగ కొట్టుకొనుచున్నవానికి తగిలించినను, దెబ్బ అవసరము లేదని చెప్పి ఊరకుండును. కనుక భయపడవలసిన పనిలేదు.

ఇక గ్రాంటులు ఏల పుట్టినవో చూతము. గుండె నిలిచినది మొదలు అదుముటయు దెబ్బయు లేక గడచిన ప్రతి నిమిషమునకును బ్రతుకు ఆశ 7 మొదలు 10 వంతుల వరకు నూటికి తగ్గిపోవుచుండునని వైద్యులు లెక్కకట్టియున్నారు. ఎంత మంచి పట్టణమందైనను అంబులెన్సు ఏడెనిమిది నిమిషములలోపల వచ్చుట గొప్ప. మన మండల కేంద్రమునుండి లోపలి పల్లెకు ఎంతసేపు పట్టునో మీకే తెలియును. కాబట్టి యంత్రము అంబులెన్సుకంటె ముందుగ అచ్చటనే యుండవలెను. అనగా వైద్యశాఖవారి చేతిలో గాక జనుల చేతిలో నుండవలెను. జనులు కూడు స్థలములు ఎవరివి? సంఘములవి, క్లబ్బులవి, దేవాలయములవి, పాఠశాలలవి. వారికి ధనము లేదు. గ్రాంటుయొక్క న్యాయమంతయు ఇంతే.

సామాన్యులు దీనిని నిజముగ వాడగలరా యని సందేహించినవారు మొదట పెక్కుమంది. దానికి సమాధానము అమెరికానుండి వచ్చెను. జూదగృహమునుండి పాఠము నేర్చుకొనుట మన పత్రికలో వింతగా తోచవచ్చును గాని సత్యము ఎచ్చట దొరకినను గ్రహింపవలసినదే. అచ్చటి జూదగృహముల కావలివారికి ఈ యంత్రమును నేర్పి, ఫలితములను 2000వ సంవత్సరమున ప్రకటించిరి. పడిపోయిన మూడు నిమిషములలోపల దెబ్బ ఇయ్యబడినవారిలో నూటికి 74 మంది బ్రతికి వైద్యశాలనుండి ఇంటికి పోయిరి. మూడు నిమిషములు దాటినవారిలో నూటికి 49 మంది. షికాగో విమానాశ్రయములలో రెండేండ్లు చూచి 2002లో వ్రాసిన లెక్క ఇంకను విచిత్రము. అచ్చట గుండె వణకుతో పడిపోయిన 18 మందిలో 11 మంది బ్రతికిరి. ఆ పదునొకండుగురిలో ఆరుగురిని కాపాడినవారు ఈ యంత్రమును అంతకుముందు నేర్చినవారును వాడినవారును కారు. వారిలో ముగ్గురు వైద్యవిద్య చదివినవారు గాని తక్కినవారు దారిన పోవు ప్రయాణికులు.

విద్యార్థులకు నచ్చు సంగతి మరియొకటి కలదు. 1999లో వాషింగ్టను రాష్ట్రమున ఆరవ తరగతి పిల్లలకు బొమ్మ నొకదానిని చూపి, ఏమియు నేర్పకయే యంత్రమును చేతికిచ్చి, కానిమ్మనిరి. పిల్లలు సగటున 90 సెకండ్లలో దెబ్బవరకు వచ్చిరి. అంబులెన్సులో పనిచేయు శిక్షితులకు పట్టినది 67 సెకండ్లు. భేదము 23 సెకండ్లే! పెద్దలు పిల్లలను దూరముగ పొమ్మని అదలించుటకుముందు ఈ లెక్కను జ్ఞాపకము చేసికొందురు గాక.

అమెరికా కాంగ్రెసువారు 2000వ సంవత్సరమున రెండు శాసనములు చేసిరి. ఒకటి ప్రభుత్వ భవనములలో ఈ యంత్రముల నుంచుటను గూర్చియు, ఆపదలో మంచిమనస్సుతో వాడినవారిని వ్యాజ్యములనుండి కాపాడుటను గూర్చియు చేసినది. రెండవది పల్లెలకు గ్రాంటు ఇచ్చునది. ఈ రెండవదానిలో మాకు నచ్చిన సంగతి యేమనగా, గ్రాంటు ఏ ఒక్క సంస్థకును ఇయ్యబడదు. అగ్నిమాపక దళము, పోలీసు, వైద్యశాల, లాభాపేక్షలేని స్థానిక సంఘములు కూటమిగ చేరి అడుగవలెను. ఆ ధనముతో యంత్రములను కొనుటయే గాక వానిని వాడు విధమును నేర్పవలెను. అనగా పెట్టెకును చేతికిని ఒక్క కాగితముమీదనే లెక్క. 2004లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధన ఈ పద్ధతినే బలపరచినది. అమెరికా, కెనడా దేశములలో 993 స్థలములను ఎన్నుకొని, సగము స్థలములలో కార్యకర్తలకు అదుముట మాత్రమే నేర్పిరి. తక్కిన సగములో అదుముటయు నేర్పి యంత్రములను కూడ ఇచ్చిరి. మొదటి స్థలములలో బ్రతికి బయటపడినవారు 15 మంది. రెండవ వానిలో 30 మంది. లెక్కలో చిన్నది, కుటుంబములకు చిన్నది కాదు.

ఇంగ్లండు కథ కొంత వేరు. అచ్చట వీథులలోని ఎఱ్ఱ టెలిఫోను గదులను మీరు పటములలో చూచియుందురు. చేతి టెలిఫోనులు వచ్చిన తరువాత వానితో పని తగ్గిపోయినది. 2008 మొదలు టెలిఫోను కంపెనీవారు వానిని ఒక్క పౌనుకు ఊరివారికి ఇచ్చివేయ నారంభించిరి. పారిషు కౌన్సిళ్లు, అనగా మన పంచాయతీలవంటివి, వానిని తీసికొని కొన్నింటిని గ్రంథాలయములుగ మార్చిరి. పెక్కింటిలో డీఫిబ్రిలేటరులను పెట్టిరి. సహాయమునకై పిలుచుటకు కట్టిన గది సహాయమునకే మిగిలినది. పాఠశాలల విషయమున జరిగినది దుఃఖమునుండి పుట్టినది. 2011లో లివర్‌పూలు పట్టణమున 12 ఏండ్ల బాలుడు పాఠశాల ఈతపందెములో నుండగా, పైకి కనబడని హృదయదోషమువలన గుండె నిలిచి చనిపోయెను. అతని తండ్రి అంతటితో ఇంట కూర్చుండక, ప్రతి పాఠశాలలోను ఈ పెట్టె యుండవలెనని ఏండ్లతరబడి అధికారుల గుమ్మములు ఎక్కి దిగెను. 2023 నాటికి ఇంగ్లండు ప్రభుత్వము దాదాపు 18,000 పాఠశాలలకు 20,000కు పైగా యంత్రములను పంపెను.

మొదట చెప్పిన పది లక్షల పౌనుల నిధికి కొన్ని షరతులుండెను. పెట్టెను ఎక్కువమంది వచ్చిపోవు చోటనో, వృద్ధులును బలహీనులును ఉండు చోటనో, అంబులెన్సు త్వరగా చేరని పల్లెలోనో పెట్టుదుమని చూపవలెను. మూల్యములో కొంతయైనను సంఘమువారు తామే సమకూర్చవలెను. ఈ రెండవ షరతును గూర్చి మాకు కొంత సంకోచము కలదు. తన సొమ్ము పెట్టినవాడు వస్తువును శ్రద్ధగ చూచుకొనునను మాట నిజమే. మన పాఠశాలలకు గ్రాంటు ఇచ్చువారును ఇట్లే చెప్పుచుందురు. అయితే చందా వసూలు చేయగలుగు ఊరు సాధారణముగ కలిగిన ఊరే. దరఖాస్తు వ్రాయుటకు చదువుకొన్నవాడు, లెక్క చూపుటకు గుమాస్తా, అధికారితో మాటలాడుటకు పెద్దమనుష్యుడు ఉన్న సంఘమునకే గ్రాంటు దొరకును. బ్రిటనులో జరిగిన పరిశోధనలలో పేదల పేటలలో పెట్టె ఇంకను దూరముగ నుండుట కనబడినది. గుండె నిలిచిపోవుట మాత్రము ఆ పేటలలోనే ఎక్కువ. గ్రాంటు ఇచ్చువారు దరఖాస్తులకై కనిపెట్టుకొని కూర్చున్నంతకాలము ఈ వంకర సరికాదు. పటము ముందు పెట్టుకొని, పెట్టె లేని చోట్లకు తామే పోయి అడుగవలెను. ఈ పనికి అచ్చట సాధనము ఉన్నది: సర్కిట్ అను జాతీయ పట్టికలో ఎవరి పెట్టె ఎచ్చట నున్నదో నమోదు చేయుదురు. 999 అను సంఖ్యకు టెలిఫోను చేయగానే అచ్చటివారు ఆ పట్టికను చూచి, మీకు దగ్గరి పెట్టె ఫలాని గోడమీద నున్నదని చెప్పెదరు. పట్టికలో లేని పెట్టె గోడమీద నున్నను వారికి కనబడదు.

తాళము సంగతి కూడ చెప్పవలెను. గ్రాంటుతో వచ్చిన వస్తువులు బీరువాలో పెట్టబడి, బీరువాకు తాళము వేయబడి, తాళపుచెవి సెలవుమీద ఊరికి పోవుట ఉపాధ్యాయు లెల్లరికిని తెలిసిన సంగతియే. డీఫిబ్రిలేటరులకును ఇదే గతి పట్టుచున్నది. దొంగతనమునకు వెరచి కొందరు పెట్టెకు అంకెల తాళము వేయుదురు. 999కి పిలిచినవారికి ఆ అంకెలను చెప్పెదరు. రాత్రివేళ చీకటిలో, చేతులు వణకుచుండగా, ఆ అంకెలను త్రిప్పుట ఎట్టిదో ఊహించుకొనుడు. తాళము లేకుండుటయే మేలని బ్రిటిషు హార్టు ఫౌండేషనువారును అచ్చటి రిససిటేషను కౌన్సిలువారును చెప్పుచున్నారు. తాళముకంటె పెద్ద తాళము తలుపు. కార్యాలయములోను పాఠశాలలోను పెట్టిన యంత్రము సాయంకాలము అయిదు గంటల తరువాత ఎవరికిని పనికిరాదు. అందుచేతనే వెలుపలి గోడకు, చలికిని వానకును ఆగు అలమరలో పెట్టుమని చెప్పుదురు. మరియొక సంగతి: గుండె నిలిచిపోవుటలో హెచ్చుభాగము ఇండ్లలోనే జరుగును. సమావేశ మందిరపు గోడమీది పెట్టె ఆ యిండ్లకు చేరవలెనన్నచో, ఒకరు అదుముచుండగా మరియొకరు పరుగెత్తి తేవలెను. కావున ఒక్కొక్క పెట్టెకు కనీసము ఒక వీథి జనము కావలెను.

మన దేశమునకు వత్తము. 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో 108 అంబులెన్సు మొదలైనది. తరువాత పెక్కు రాష్ట్రములు దానిని అనుకరించినవి. తెలుగువారు దీనికై కొంచెము గర్వపడవచ్చును. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వమువారు సీపీఆర్ శిక్షణను పెద్ద యెత్తున ఆరంభించిరి. పెద్ద విమానాశ్రయములలో డీఫిబ్రిలేటరులు గోడలమీద కనబడుచున్నవి. పల్లెలోని బడికిని, చర్చికిని, యువజన సంఘమునకును ఇట్టివి ఎచ్చటనుండి వచ్చును? ఒక మార్గము కలదు. 2013 కంపెనీల శాసనపు 135వ సెక్షను ప్రకారము, ఒక పరిమితికి మించిన పెద్ద కంపెనీలు తమ గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు ప్రజల మేలునకు వెచ్చింపవలెను. ఆరోగ్యము, విద్య అందులో చేరియున్నవి. నమోదైన లాభాపేక్షలేని సంఘములు దానికై అడుగవచ్చును. అయితే అడుగుటకు ముందు ఊరిలో అదుముట నేర్చినవారు ఎందరో లెక్కింపవలెనని మా యభిప్రాయము. పెట్టె లేకయే చేతులు కొంత పనిచేయును. చేతులు లేక పెట్టె ఏ పనియు చేయదు.

ఆ పని యేమో ఇచ్చటనే చెప్పెదము. పడిపోయినవాని భుజములు తట్టి బిగ్గరగ పిలువుడు. పలుకక, మామూలుగ ఊపిరి పీల్చక యున్నయెడల ఒకరిని 108కి గాని 112కి గాని టెలిఫోను చేయుమనుడు; మరియొకరిని, దగ్గర ఎచ్చటనైనను పెట్టె యున్నచో తెమ్మనుడు. అతనిని గట్టినేలపై వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ ఒక అరచేతి మడమను, దానిపై రెండవ అరచేతిని ఉంచి, మోచేతులు వంచక నిమిషమునకు 100 మొదలు 120 మారులు అదుముడు. పెద్దవారికి అయిదు సెంటీమీటర్లు తగ్గకుండ, ఆరు దాటకుండ దిగవలెను. ప్రతి అదుమునకును తరువాత రొమ్ము మరల పైకి రానిండు. ఎగఊపిరిని చూచి బ్రతికియున్నాడని ఆగకుడు. పెక్కుమంది అచ్చటనే మోసపోవుదురు. పెట్టె రాగానే తెరచి దాని మాట వినుడు. రొమ్ము తడిగ నున్నచో తుడువుడు. దెబ్బ ఇచ్చునప్పుడు ఎవరును రోగిని తాకకుండవలెను. ఇచ్చిన వెంటనే మరల అదుముడు. అంబులెన్సువారు వచ్చి తప్పుకొనుమనువరకు ఒకరి తరువాత ఒకరు చేయుచునే యుండుడు. ఒక్కరే చేసినయెడల రెండు నిమిషములలో చేతులు సడలిపోవును, కనుక మనుష్యులను మార్చుకొనుడు.

మన పాఠశాలకో, మీ ఊరి సంఘమునకో ఎప్పుడైనను ఇట్టి గ్రాంటు వచ్చినయెడల కార్యదర్శిగారు దరఖాస్తుతోపాటు మరియొక కాగితము వ్రాసి ఉంచుకొనుట మంచిది. పెట్టె ఏ గోడమీద నుండును. రాత్రి రెండు గంటలకు అచ్చటికి పోవువానికి ఎన్ని తలుపులు అడ్డుపడును. నెలకొకమారు దానిమీది పచ్చదీపమును చూచి సంతకము చేయువారు ఎవరు. ఆయనకు బదిలీ అయినచో తరువాత ఎవరు. అంటుపట్టీలు కొన్నేండ్లకు ఎండి అంటుకొనక పోవును. వానిమీద గడువు తేదీ అచ్చువేయబడి యుండును. బ్యాటరీయు సాధారణముగ నాలుగైదేండ్లకు మార్చవలసినదే. ఈ క్రొత్త పట్టీలకును బ్యాటరీకిని గ్రాంటు ఇచ్చినవారు ఇత్తురో ఇయ్యరో ముందుగనే అడిగి వ్రాయించుకొనవలెను. ఇయ్యనియెడల ఏటేట కొంత సొమ్ము వేరుగ తీసిపెట్టి, గడువు తేదీని హాజరుపట్టీ అట్టమీద ఎఱ్ఱసిరాతో వ్రాసి ఉంచవలెను.